పళ్లు పీకేవాడు ఎటు చూస్తున్నాడు?

ముందే చెప్పేస్తాను, నేను డాక్టర్ని కాను. కువైట్‌లో ఇరవై తొమ్మిదేళ్లు పళ్ల క్లినిక్కుల్లో కుర్చీకి ఎడమ పక్కన నిలబడ్డాను. డాక్టర్ చెయ్యి చాపితే ఏ పనిముట్టు కావాలో కనిపెట్టి అందులో పెట్టడం, పేషెంటు నోట్లో ఊరే నీళ్లను గొట్టంతో లాగడం, ఆ తర్వాత అన్నీ కడిగి, ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్‌లో పెట్టడం నా ఉద్యోగం. అయినా జహ్రా నుంచి ఫర్వానియా దాకా మనవాళ్లలో సగంమంది నన్ను ‘మస్తాన్ డాక్టర్’ అంటారు. మొదటిసారి ఎవరో అలా పిలిచినప్పుడే కాదని చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. చెవికి బాగుంది మరి.

నా ఇఖామాకు, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతికి, ఇంకా రెండు నెలలుంది. అది అయిపోగానే రాయచోటికి వెళ్లిపోతాను. ఈలోగా డెంటల్ అసిస్టెంటు కోర్సు చదివి ఇక్కడికి వస్తున్న మన పిల్లలు ఫోన్లు చేసి, ‘పని ఎట్లుంటాది మస్తానన్నా?’ అని అడుగుతున్నారు. లైసెన్సు పరీక్షల సంగతి, జీతాల సంగతి వాళ్లకు నాకంటే బాగా తెలుసు. వాళ్లకు తెలియనిది ఒకటుంది. ఈ పనిలో మంచి మనిషి ఏ మలుపులో దొంగ వైద్యుడవుతాడో ఎవరూ చెప్పరు. నేను అయ్యాను కాబట్టి చెప్పగలను. నా మూలంగా గంగులప్ప అనే గొర్రెల కాపరి ప్రాణం మీదికి వచ్చింది. ఇదంతా ఆ కథ చెప్పడానికే. మధ్యలో నవ్వొస్తే నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు.

బొమ్మ

నేను ఎక్కువకాలం పనిచేసింది డాక్టర్ నబీల్ దగ్గర. ఈజిప్టు మనిషి. చేతులు పెద్దవి, కోపం చిన్నది. ఒకసారి సెలవుకు యూరప్ వెళ్లి, అక్కడ ఒక మ్యూజియంలో అమ్మే బొమ్మ కొనుక్కొచ్చి, ఫ్రేము కట్టించి, క్లినిక్‌లో పేషెంట్లు కూర్చునే గదిలో తగిలించారు. నాలుగు వందల ఏళ్ల కిందట ఎవరో గీసిన దానికి అచ్చు ప్రతి అది. గీసినవాడి పేరు రెండుసార్లు చెప్పారు గానీ నాకు నోరు తిరగలేదు.

బొమ్మంతా చీకటి. మధ్యలో మాత్రం దీపం పెట్టినట్టు వెలుగు. ఆ వెలుగులో ఈక గుచ్చిన టోపీ పెట్టుకుని, మెడలో పీకిన పళ్ల దండ వేసుకుని ఒక పెద్దమనిషి. ఆయన ముందు కుర్చీలో ఒక రైతు. రైతు నోరు ఇంత తెరిచి ఉంది, నోట్లో ఇనుప కొక్కెం ఉంది. ఒక చెయ్యి గాల్లోకి లేచింది, కాలి చెప్పు ఊడిపోయింది. పక్కన బల్ల మీద రంగు రంగుల సీసాలు, ఎర్ర లక్కముద్ర వేలాడే ఒక సర్టిఫికెట్. వెనక ఏడెనిమిది మంది గుమిగూడి చూస్తున్నారు. బాతును చంకలో పెట్టుకున్న ముసలామె ఒకతె తన పన్నే పీకుతున్నట్టు దవడ పట్టుకుంది.

పళ్ల క్లినిక్‌లో ఇలాంటిది తగిలించేవాళ్లుంటారా? మొదటిరోజే ఒక పిల్లవాడు దాన్ని చూసి ఏడ్చి, తల్లిని ఈడ్చుకుని బయటికి పరుగెత్తాడు. ఒక కువైటీ పెద్దావిడ చాలాసేపు దాని ముందు నిలబడి, ‘ఈయన మీ నాన్నగారా డాక్టర్?’ అని అడిగింది. ‘మా తాతల తాత’ అన్నారు నబీల్ గారు, ఏమాత్రం తడుముకోకుండా. ఆవిడ తలాడించి, ‘పోలిక ఉంది’ అంది. నేను సక్షన్ గొట్టం కడిగే నెపంతో లోపలికి పోయి నవ్వుకున్నాను.

నెల తిరక్కుండానే మేనేజరు గోల పెట్టి దాన్ని తీయించాడు. నబీల్ గారు పారేయనివ్వలేదు. పనిముట్లు కడిగే గదిలో, సరిగ్గా నా కళ్లెదుట మేకు కొట్టి తగిలించారు. పొద్దున ఎనిమిదికి నేను చూసే మొదటి మొహం ఆ టోపీవాడిదే. చాలా ఏళ్లు ఆ బొమ్మ నొప్పి గురించి గీసిందనుకున్నాను.

చూడాల్సింది నోట్లో కాదు

పిల్లలూ, ఇది మీకు కోర్సులో చెప్పరు. నోట్లో చూడటానికి డాక్టర్ ఉన్నాడు. అసిస్టెంటు చూడాల్సింది కాలి వేళ్లను. కుర్చీలో పడుకున్న మనిషి మొహం అబద్ధమాడుతుంది. మగవాళ్లయితే మరీను, నొప్పి లేదని నవ్వుతారు కూడా. కాలి వేళ్లకు ఆ తెలివి లేదు. నొప్పి మొదలవగానే ముడుచుకుంటాయి. మత్తు పట్టిందో లేదో నేను వేళ్లను చూసి చెప్పేవాడిని. ‘ఇంకొంచెం మత్తు, డాక్టర్’ అంటే నబీల్ గారు ఎందుకని అడగకుండా ఇచ్చేవారు. బూట్లు వేసుకొచ్చే బ్యాంకు ఉద్యోగులతోనే నాకు కష్టం.

నబీల్ గారికి ముందు మూడేళ్లు ఇంకో డాక్టర్ దగ్గర చేశాను. ఆయన పేరు చెప్పను. గోడ నిండా సర్టిఫికెట్లు, నోటి నిండా తెల్లటి పళ్లు, మాట నిండా తేనె. నొప్పి అని వచ్చినవాడికి నొప్పి లేని నాలుగు పళ్లకు కూడా క్యాపులు తొడిగి పంపేవాడు. నేను పక్కన నిలబడి తెలుగులో, ఉర్దూలో, ‘తప్పదు బాబూ, లేకపోతే అన్నీ ఊడతాయి’ అని అనువదించేవాడిని. అప్పుడు తప్పనిపించలేదు. నా పని అనువాదమే కదా అనుకున్నాను. ఇప్పుడు అడిగితే, సంతలో పళ్లు పీకేవాడికీ ఆయనకూ తేడా ఏసీ ఒక్కటే అంటాను.

మామా, కొండమ్మ, రంజాన్

నన్ను చెడగొట్టింది ఒక మంచి పని.

సబా అల్ సలేంలో ఒక ఇంట్లో పనిచేసే కొండమ్మను ఆమె మామా, అంటే యజమానురాలు, వెంటబెట్టుకుని తీసుకొచ్చింది. డాక్టర్ ఏం అడిగినా జవాబు మామాదే.

‘నొప్పి ఎన్నాళ్లుగా?’

‘నిన్నటి నుంచే. పని ఎక్కువైనప్పుడల్లా దీనికి ఏదో ఒకటి నొప్పి పుడుతుంది’ అంది మామా.

కొండమ్మ నా వైపు తిరిగి, మెల్లగా తెలుగులో చెప్పింది. ‘రెండు నెల్లాయన్నా. పొగాకు నమిలి గుంతలో కుక్కుకుంటాండా. ఈయమ్మకు చెప్పొద్దు సామీ, పొగాకు యాడిదని పీకుతాది.’

పన్ను పనికొచ్చే పన్నే. మూడుసార్లు వచ్చి లోపల శుభ్రం చేయించుకుంటే నిలుస్తుందని నబీల్ గారు చెప్పారు. మామాకు మూడుసార్లు అన్న మాట నచ్చలేదు. ‘పీకేయండి, ఖలాస్’ అంది. కొండమ్మ కాలి వేళ్లు ముడుచుకున్నాయి. ఇంకా కుర్చీలో వెనక్కి కూడా వాలలేదు.

నేను చాలా గంభీరంగా, అరబీలో, మామాతో అన్నాను. ‘అలాగే మేడమ్. పీకితే మాత్రం వారం రోజులు పొయ్యి దగ్గర నిలబడకూడదు, బరువులెత్తకూడదు. రంజాన్ ఎల్లుండి నుంచే కదా?’

మామా మొహం మారిపోయింది. ఇఫ్తార్‌కు ఇంట్లో ముప్పైమంది. ‘పన్ను ఉంచండి డాక్టర్. పాపం, చిన్న వయసు’ అంది.

నబీల్ గారు మాస్కు వెనక దగ్గారు. వాళ్లు వెళ్లాక నన్ను పిలిచి, ‘వారం రోజులని నేనెప్పుడు చెప్పాను?’ అన్నారు.

‘మీరు చెప్పలేదు డాక్టర్. అడిగితే చెప్పి ఉండేవారు.’

ఆయన నవ్వారు. నవ్వు ఆగాక, ‘ఈసారి పన్ను నిలిచింది. కానీ నువ్వు నా నోటితో మాట్లాడావు. అది అలవాటు చేసుకోకు’ అన్నారు. నేను ఆయన నవ్వును మాత్రం ఇంటికి తీసుకెళ్లాను.

శుక్రవారం డాక్టర్

కొండమ్మ ఊరుకుంటుందా? ఫోన్లో సబా అల్ సలేంలో తెలిసినవాళ్లందరికీ చెప్పింది. రెండు వారాల్లో నాకు ఎవరెవరో ఫోన్లు చేయడం మొదలైంది. శుక్రవారం సెలవు. నమాజు చేసుకుని, భోంచేసి, మనవాళ్ల గదులకు వెళ్లేవాడిని. మొదట్లో ఖాళీ చేతులతో వెళ్లాను. తర్వాత ఒక టార్చిలైటు, నోటి అద్దం. ఆ తర్వాత లవంగ నూనె, దూది, చేతి తొడుగులు. ఇన్ని వచ్చాక వాటికో తోలు బ్యాగు కావద్దా? తోలు బ్యాగుతో గదిలోకి అడుగుపెడితే మంచం మీద కాళ్లు చాపుకున్నవాళ్లు లేచి కూర్చునేవాళ్లు. ‘డాక్టర్ సార్ వచ్చినాడు, ఆ టీవీ ఆపండబ్బా’ అనేవాళ్లు. మా ఇంట్లో నేనొస్తే రేడియో కూడా ఆపేవాళ్లు కాదు.

పళ్లు పీకేవాడిని కాదు. అంతవరకూ బుద్ధి ఉంది. చూసి చెప్పేవాడిని, మాత్రలిచ్చేవాడిని. మాత్రలెక్కడివంటారా? ఊరికి సెలవు మీద వెళ్లినవాళ్లు వస్తూ ఊరగాయలు, కారప్పొడితో పాటు ఒక పొట్లం మాత్రలు కూడా తెచ్చుకుంటారు కదా. వాటిలో మిగిలినవి నాకు ఇచ్చేవాళ్లు. నా మంచం కింద ఒక బిస్కెట్ల డబ్బా నిండా యాంటీబయాటిక్ పట్టీలు. ఒక్క పట్టీ ఉండి ఇద్దరు నొప్పి అంటే, కత్తెరతో సగానికి కత్తిరించి ఇద్దరికీ ఇచ్చేవాడిని. ఒకరికి పెట్టి ఒకరికి పెట్టకపోతే బాగుండదు కదా, పంక్తిలో వడ్డించినట్టే అనుకునేవాడిని. సగం మందు సగం జబ్బును తగ్గిస్తుందని నా లెక్క. కుర్చీ పక్కన అన్నేళ్లు నిలబడి, ‘కోర్సు మొత్తం వాడాలి’ అని డాక్టర్ వేలసార్లు చెప్పింది అనువదించినవాడి లెక్క ఇది. నొప్పి మాత్రం నిజంగానే తగ్గేది, నాలుగు రోజులు. నా పేరు ఆ నాలుగు రోజుల్లోనే పెరిగేది.

నాకొక పోటీదారుడు కూడా ఉండేవాడు. అమ్ఘరాలో పాత ఇనుము యార్డులో పనిచేసే ఓబులేసు. వాడు పళ్లు పీకేవాడు, యార్డులో వాడే పటకారుతోనే, మరిగే టీ నీళ్లలో ముంచి. వాడి దగ్గరికి ఎవరూ పోవద్దని గది గదికీ చెప్పాను. ఒకసారి ఎదురుపడినప్పుడు, ‘ఇది నాటువైద్యం ఓబులేసూ, మనిషి పోతే ఏం చేస్తావ్?’ అని అందరిముందూ గద్దించాను.

వాడు నొచ్చుకోలేదు. ‘నేను కదిలే పన్నే పీకుతానన్నా. కదలందాన్ని ముట్టను’ అన్నాడు.

చదువురానివాడి మాటని నేను నవ్వేశాను.

కబ్ద్‌లో

గంగులప్పది సుండుపల్లి వైపు. యాభై ఏళ్లు దాటాక కువైట్‌కు వచ్చాడు. కబ్ద్‌లో ఒక జాఖూర్‌లో, అంటే ఎడారిలో గొర్రెల దొడ్లో, పనికి కుదిరి అప్పటికి నెల కాలేదు. కింది దవడ చివరి పన్నుకు పెద్ద గుంత. మొదటి శుక్రవారం నేను వెళ్లి చూసేసరికి చెంప కొంచెం ఉబ్బి ఉంది.

క్లినిక్‌కు పోదామన్నాను. నిజంగానే అన్నాను.

‘వద్దు సార్. ఇఖామా ఇంగా పడలా. జబ్బు మనిషని తెలిస్తే కఫీల్ ఎనిక్కి పంపిస్తాడు. వచ్చేదానికి చేసిన అప్పు యాడ తీర్చేది? మీరే ఏందన్నా ఇయ్యండి’ అన్నాడు. కఫీల్ అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని.

ఇచ్చాను. డబ్బాలో మిగిలిన ఒక పట్టీలో సగం. మిగతా సగం ఆ పొద్దునే ఒక డ్రైవరుకు ఇచ్చేశాను. ‘వారంలో సర్దుకుంటుంది’ అని కూడా చెప్పాను. ఆ వారం అన్న మాటే నేను చేసిన నేరం.

తర్వాతి శుక్రవారం ఫోన్ వచ్చింది. నాలుగు రోజులు బాగుండి మళ్లీ ఎక్కువైందట, ఈసారి పీకాల్సిందేనట. నేను వెళ్లేసరికి రేకుల పందిరి కింద ప్లాస్టిక్ కుర్చీలో గంగులప్ప, చుట్టూ పక్క దొడ్ల నుంచి, తోటల నుంచి వచ్చిన పదిమంది. ఎవరో తెలివైనవాడు నాతో పాటు ఓబులేసును కూడా పిలిచాడు. ఇద్దరిలో ఎవరు గొప్పో తేలుతుందని సరదా. ఒక కుర్రాడైతే ఫోన్ పైకెత్తి వీడియో తీస్తున్నాడు.

ఓబులేసు నాకంటే ముందొచ్చాడు. గంగులప్ప గడ్డం కింద అరచెయ్యి పెట్టి నొక్కి చూశాడు. పటకారు సంచిలోంచి తీయనేలేదు.

‘రాయి మాదిరుండాది. పన్ను కదల్లా. నేను ముట్టను. ఆసుపత్రికి తోలకపోండి’ అన్నాడు.

‘అందుకే గదా డాక్టర్‌ను పిలిచింది’ అన్నారెవరో. అందరూ నవ్వారు.

అప్పుడు నేను కూడా ఆసుపత్రి అని ఉంటే ఓబులేసు మాట నెగ్గేది. అదే నాకు పట్టలేదు. ‘పాత ఇనుము వేరు, పన్ను వేరు ఓబులేసూ. పక్కకు జరుగు’ అన్నాను. ఇంకా గట్టిగా నవ్వారు. బ్యాగు తెరిచాను. అందులో చేతిరుమాలులో చుట్టిన ఫోర్సెప్స్, అంటే పళ్లు పీకే పటకారు, ఉంది. క్లినిక్‌లో పక్కన పెట్టేసిన పాతది, అడక్కుండా తెచ్చుకున్నాను. పీకడానికి కాదు, నిజం. బ్యాగు బరువుగా ఉంటుందని తెచ్చాను. కానీ ఆ రోజు అది చేతిలోకి వచ్చింది.

‘ఒక్క నిమిషం పని. కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతుంది’ అని చెప్పాను. గంగులప్పతో కాదు. ఫోన్ పట్టుకున్న కుర్రాడితో.

అప్పుడు తట్టింది. ఎన్నో ఏళ్లుగా పనిముట్లు కడుగుతూ చూసిన ఆ టోపీవాడు కొక్కెం నోట్లో పెట్టి, రైతు నోట్లోకి చూడడు. బొమ్మ బయటికి, మనవైపు చూస్తుంటాడు. ఎవరెవరు తనను చూస్తున్నారో అని చూస్తుంటాడు. గీసినవాడు చెప్పదలచుకున్న దొంగతనం అదే.

అలవాటుకొద్దీ కిందికి చూశాను. గంగులప్ప కాళ్లకు చెప్పులు లేవు. వేళ్లు ముడుచుకోలేదు, ఇసుకలో చచ్చుగా పడి ఉన్నాయి. ఫోర్సెప్స్ కళ్లెదుట ఉన్నా భయపడని మనిషిని నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు మొహం చూశాను. పెదవి పక్క నుంచి చొంగ కారుతోంది.

‘గంగులప్పా, ఒకసారి గుటక మింగు.’

తల అడ్డంగా ఊపాడు. ఏదో అన్నాడు, నోట్లో వేడి ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టుంది. నాలుక పైకి లేచి ఉంది. సొంత ఉమ్మి మింగలేని మనిషి మన కుర్చీకి రాకూడదు, నేరుగా పెద్దాసుపత్రికి పోవాలని నబీల్ గారు ఎన్నిసార్లు చెప్పారో. వాపు గొంతులోకి దిగి ఊపిరి మూసుకుపోతుంది. గంటల పని.

ఫోన్ తీసి నబీల్ గారికి చేశాను. ఆయనకు చేయడమంటే ఏం చేయడమో నాకు తెలుసు. ఉద్యోగం, లైసెన్సు, జైలు అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. పక్కనే గంగులప్ప ఊపిరి గురగురమంటోంది.

‘ఎక్కడున్నావు?’

‘కబ్ద్‌లో, డాక్టర్. ఒక పేషెంటు... ఒక మనిషి. ఉమ్మి మింగలేకపోతున్నాడు.’

‘నీ చేతిలో ఏముంది?’

ఆయనకు ఎలా తెలిసిందో ఇప్పటికీ తెలియదు.

‘ఫోర్సెప్స్.’

‘కింద పెట్టు. మనిషిని పడుకోబెట్టకు, నిటారుగా కూర్చోబెట్టు. వాళ్ల కఫీల్ నంబరు నాకు పంపు. యల్లా, త్వరగా.’

కఫీల్ పేరు ఎత్తగానే గంగులప్ప నా చొక్కా పట్టుకున్నాడు. ఆ పట్టులో ఎంత బలముందో! ఊరికి పంపించేస్తాడన్న భయం చావు భయం కంటే ముందుంది ఆ మనిషికి. వేళ్లు ఒక్కొక్కటే విడిపించి, పక్కవాళ్లను అడిగి నంబరు పంపాను.

ఇరవై నిమిషాల్లో కఫీల్ జీపు దుమ్ము లేపుకుంటూ వచ్చింది. అబూ సాలెం, అరవై దాటిన మనిషి, ఒంటి మీది పొడుగు అంగీ, దిష్దాషా మీద అన్నం మెతుకులు ఇంకా దులుపుకోలేదు. నన్ను చూడగానే అరిచాడు. ‘వారం రోజులా? వారం రోజులు నాకు చెప్పరా? నా గొర్రె కుంటితే గంటలో ఫోన్ చేస్తారే!’

మేమంతా తలలు దించుకున్నాం. మనం అందరం కలిసి భయపడ్డ మనిషి ఇంతేనా అనిపించింది. అందరు కఫీల్‌లూ ఇలా ఉంటారని నేను చెప్పను. ఉండరు. కానీ ఈయన్ను మేం అడిగి చూడనే లేదు.

జీపు వెనక సీట్లో ఓబులేసు కూర్చుని గంగులప్పను నిటారుగా తన ఛాతీకి ఆనించి పట్టుకున్నాడు. దారి పొడుగునా, ‘ఊపిరి పీల్చు అబ్బీ, ఊఁ, ఇంగోసారి’ అంటూనే ఉన్నాడు. నేను ముందు సీట్లో తోలు బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అంత పనికిమాలిన సామాను నేను ఇంకెప్పుడూ మోయలేదు.

ఆసుపత్రిలో తలుపు దగ్గరే చక్రాల కుర్చీ వేసి లోపలికి తీసుకుపోయారు. దవడ కింద రెండు పక్కలా కోసి చీము తీశారు, పన్నూ తీశారు. ఇంకో రెండు మూడు గంటలైతే చేసేదేమీ ఉండేది కాదని అక్కడి డాక్టర్ అబూ సాలెంతో చెప్పాడు.

చెప్పాల్సిన మాట

మర్నాడు క్లినిక్‌లో నబీల్ గారి బల్ల మీద ఫోర్సెప్స్ పెట్టాను. ఆయన అరుస్తారనుకున్నాను. అరిస్తే బాగుండేది.

‘అసిస్టెంటుగా నీ అంతటివాడు నాకు దొరకలేదు. డాక్టర్‌గా నువ్వు ఆ పాత ఇనుము మనిషి కంటే అధ్వాన్నం. తనకు ఏం రాదో అతనికి తెలుసు’ అన్నారు.

‘నన్ను తీసేస్తారా?’

‘అది తర్వాత చూద్దాం. డాక్టర్ వచ్చి కాపాడాడని ఆ పేషెంటుకు అందరూ చెప్పి ఉంటారు. నువ్వు వెళ్లి జరిగింది చెప్పు. చెప్పాక వచ్చి నాతో మాట్లాడు.’

ఆయన నన్ను తీసేయలేదు. ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. అది మంచితనమో పొరపాటో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆయన జాగాలో నేనుంటే నన్ను ఉంచుకునేవాడిని కాదు.

నాలుగో రోజు సాయంత్రం ఆసుపత్రికి వెళ్లాను. గంగులప్ప మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. గడ్డం కింద కట్టు, అందులోంచి సన్నటి గొట్టం, కుడి చేతికి సెలైన్ సూది. నన్ను చూడగానే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టబోయాడు.

‘డాక్టర్ సార్’ అన్నాడు. గొంతు గీరుకుపోయి వస్తోంది. ‘అబూ సాలెం ఇఖామా పనికి మనిషిని తోలిచ్చినాడు. నన్ను పంపించడంట. అంతా మీ దయ.’

చేతులు పట్టుకుని కిందికి దించాను. మంచం అంచున కూర్చున్నాను.

‘నేను డాక్టర్ని కాను గంగులప్పా. డాక్టర్ పక్కన గొట్టం పట్టుకుని నిలబడేవాడిని. నేనిచ్చింది సగం పట్టీ. దాంతో నొప్పి అణిగింది, జబ్బు లోపల పెరిగింది. వారం ఆగమన్నదీ నేనే. ఆ రోజు వద్దన్నది ఓబులేసు. నేను వాణ్ని పక్కకు నెట్టి నీ నోట్లో ఇనుము పెట్టబోయాను. నిన్ను నేను కాపాడలేదు. నీకు ఈ గతి నా వల్లే పట్టింది.’

తిట్టినా, కొట్టినా, కఫీల్‌కు చెబుతానన్నా ఒప్పుకోవాలనే వెళ్లాను. క్షమిస్తాడేమోనని కూడా లోపల ఒక మూల ఆశ ఉంది, దాచడమెందుకు?

గంగులప్ప తిట్టలేదు, క్షమించనూ లేదు. నా మొహంలోకి చూశాడు. మందల్లో తప్పిపోయినవాటిని లెక్కచూసుకోవడం అలవాటైన మనిషి కదా. మెల్లగా, ఒక్కో మాట కూడగట్టుకుని అడిగాడు.

‘అట్లయితే... ఆ సగం సగం మాత్తర్లు... ఇంగా ఎవురెవురికి ఇచ్చిండావు?’

అప్పటిదాకా సార్, మీరు అన్న మనిషి మొదటిసారి నన్ను నువ్వు అన్నాడు. ఆ ప్రశ్న నాకు నాలుగు రోజుల్లో ఒక్కసారైనా తట్టలేదు. నా ఉద్యోగం గురించి ఆలోచించాను, నా తప్పు గురించి ఆలోచించాను, నా పరువు గురించి ఆలోచించాను.

వేళ్ల మీద ఎంచడం మొదలుపెట్టాను. ఆ పొద్దున సగం పట్టీ తీసుకున్న డ్రైవరు. ఫర్వానియాలో బట్టలు ఇస్త్రీ చేసే అన్నదమ్ములిద్దరు. హవల్లీలో వంటమనిషి. సబా అల్ సలేంలో కొండమ్మ చెప్పి పంపిన ముగ్గురు ఆడవాళ్లు. జహ్రాలో ఇంకో ముగ్గురు. నా రెండు చేతుల వేళ్లూ అయిపోయాయి. ఇంకా పేర్లు వస్తూనే ఉన్నాయి.

గంగులప్ప సూది గుచ్చి ఉన్న తన చేతిని నా ఒళ్లోకి జరిపి, వేళ్లు విప్పాడు.

‘ఈటి మింద ఎంచు’ అన్నాడు.